పెనుగంచిప్రోలు ఆడపడుచు

రెండోసారి కూడా ఆ ఇంటికి పరామర్శకు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

మొదటి బిడ్డ పోయినప్పుడు ఓదార్పు మాటల్లో కాస్త ఆశ ఉంటుంది. నీకేం వయసు మించిపోయిందమ్మా, ఒడి మళ్ళీ నిండుతుందిలే అంటారు. రెండో బిడ్డ కూడా పోయాక ఆ ఆశ అడుగంటుతుంది. గొంతు తగ్గించి మరో రకం మాటలు మొదలుపెడతారు. ఏ జన్మలో ఏం చేసుకుందో. ఎవరి ఉసురు తగిలిందో. నొసటి రాతను ఎవరు చెరపగలరు. అవి చెడ్డ మనసుతో అనే మాటలు కావు. అనేవాళ్ళలోనూ బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులే ఎక్కువ. వాళ్ళకు వాళ్ళ అమ్మలు చెప్పిన మాటల్నే తెచ్చి ఈమె ముందు పెడతారు. ఆ రోజుల్లో గర్భశోకంలో ఉన్న తల్లికి లోకం ఇవ్వగలిగిన ఆలోచనలు అవే: నీ పాపం, నీ రాత, నీ ప్రాప్తం.

ఆ తల్లి పేరు భండారు అచ్చమాంబ. పుట్టింది 1874లో, కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో. పెళ్ళాడింది మేనమామ భండారు మాధవరావునే. ఆయన ఉద్యోగం నాగపూర్ కేంద్రంగా ఉన్న మధ్యపరగణాల్లో. ఒక కొడుకు, ఒక కూతురు కలిగారు. ఇద్దరూ పసితనంలోనే పోయారు. ఆమెకు అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు.

ఇరుగుపొరుగు తెచ్చి ముందు పెట్టిన ఆ ఆలోచనలను అచ్చమాంబ తీసుకోలేదు. తీసుకోలేదని ఎలా తెలుసంటే, ఆ తర్వాత ఆమె చేసిన పనులను బట్టి. ఈ కథంతా ఆ పనుల గురించే.

*

నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా హైదరాబాద్ రోడ్డు పట్టుకుని వెళ్తుంటే రెండు పక్కలా మెట్ట పొలాలు. నల్లరేగడి, పత్తి, మిరప. డెల్టాలో మాదిరి కాలవ నీళ్ళ ధీమా ఈ నేలకు లేదు. ఇక్కడి రైతు ఆకాశం వంకా మున్నేరు వంకా మార్చి మార్చి చూస్తాడు. ఆ మున్నేరు ఒక ఏడు ఎండి ఇసుక చూపిస్తుంది. ఇంకో ఏడు, 2023 జూలైలో చేసినట్టు, ఐతవరం దగ్గర హైవే ఎక్కి లారీలనూ బస్సులనూ గంటల తరబడి నిలబెట్టేస్తుంది. పెనుగంచిప్రోలు ఆ మున్నేటి ఒడ్డునే ఉంది.

ఆ ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా తిరుపతమ్మ గుర్తొస్తుంది. కాకాని గోపయ్యకు ఇల్లాలై వచ్చి, అత్తింటి ఆరళ్ళు పడి, ఒంటికి జబ్బు సోకితే గొడ్ల సావిట్లోకి నెట్టివేయబడి, అడవికెళ్ళిన భర్త పులివాత పడ్డాక అగ్నిలో కలిసిపోయిన కోడలు. ఇక్కడి జనం ఆమెను అమ్మవారిని చేసుకున్నారు. రెండేళ్ళకోసారి ఆ ఆలయంలోని విగ్రహాలను రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకెళ్తారు. రంగులయ్యాక ఊరేగింపుగా తిరిగి తెచ్చుకుంటారు. దారి పొడుగునా ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చి పసుపు కుంకుమలు పెడతాయి. ఆ జనంలో ఆడవాళ్ళ కళ్ళు చూస్తే తెలుస్తుంది. వాళ్ళు మొక్కేది మహిమలకే కాదు, ఆమె పడ్డ కష్టానికి కూడా. తమ బాధ తెలిసిన ఆడది ఒకతి గుళ్ళో ఉందన్న ధైర్యం అది.

ఆ ధైర్యం గొప్పదే. కానీ ఆ కథ ఆడదానికి చూపించే దారులు రెండే: ఓర్చుకోవడం, కాలిపోవడం. మూడో దారి ఒకటుందని చూపించిన మనిషి కూడా ఆ ఊళ్ళోనే పుట్టింది. ఆ సంగతి ఇక్కడ చాలామందికి తెలియకపోవడమే నన్ను ఈ కథ రాయమని కూర్చోబెట్టింది.

*

అచ్చమాంబ తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య. తల్లి గంగమ్మ. తండ్రి మునగాల సంస్థానం కొలువులో ఉండేవారు. మునగాల అప్పట్లో చిత్రమైన చోటు. చుట్టూ నిజాం ఇలాకా, మధ్యలో తెల్లవాళ్ళ కృష్ణా జిల్లాకు చెందిన ఒక పరగణా. లెక్కకు అదీ నందిగామ తాలూకాలోదే. 1877 మేలో అచ్చమాంబకు తమ్ముడు పుట్టాడు. లక్ష్మణరావు. వాడికింకా మూడేళ్ళు నిండీ నిండని వయసులో, ఈ పిల్లకు ఆరేళ్ళప్పుడు, తండ్రి పోయారు. గంగమ్మ ఇద్దరు పిల్లల్ని తీసుకుని నిజాం ఇలాకాలో ఉన్న సవతి కొడుకు శంకరరావు పంచన చేరింది. పదేళ్ళకు అచ్చమాంబకు పెళ్ళి చేసేశారు.

ఇక్కడిదాకా ఆ కాలపు ఏ ఆడపిల్ల కథైనా ఇదే. బడి లేదు. పలక లేదు. పుట్టింటి నుంచి మేనమామ ఇంటికి మారడమే ఆ పిల్ల చూసిన లోకం.

మలుపు తమ్ముడి వల్ల వచ్చింది. చదువు కోసం లక్ష్మణరావు అక్కయ్యతోపాటు నాగపూర్‌లో ఉన్నాడు. తల్లిలాంటి అక్క, ఆమె కళ్ళముందు పెరుగుతున్న తమ్ముడు. వాడు బడి నుంచి తెచ్చిన పుస్తకం సాయంత్రం దీపం దగ్గర తెరుస్తాడు. పక్కన కూర్చున్న అక్క అందులోకి తొంగి చూస్తుంది. వాడు తెలుగు అక్షరం దిద్దిస్తే దిద్దింది. హిందీ చెబితే నేర్చింది. బడి గడప తొక్కకుండానే ఆమెకు అలా చదువొచ్చింది. అక్కడితో ఆగిందా, లేదు. మరాఠీ, గుజరాతీ, బెంగాలీ, సంస్కృతం. నాగపూర్ వంటి ఊళ్ళో నాలుగు భాషల జనం కలిసి ఉంటారు గనక భాషలు చెవిన పడతాయి, నిజమే. కానీ చెవిన పడ్డ భాషను పుస్తకం చదివే దాకా తీసుకెళ్ళడానికి రోజూ కూర్చోవాలి. వంటా వార్పూ అయ్యాక, వచ్చిపోయే చుట్టాలు పడుకున్నాక కూర్చోవాలి.

ఆ తమ్ముడు తర్వాత ఎవరయ్యాడో తెలుగువాళ్ళకు తెలుసు. 1901లో హైదరాబాద్‌లో వెలిసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెనకా, 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వెనకా, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం వెనకా ఉన్న కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఆయనే. మహాపండితుడు. కాని ఆయన మొదటి విద్యార్థిని ఆయన అక్క అన్న సంగతి ఆయన గొప్పల జాబితాలో ఎక్కడో అడుగున పడిపోయింది.

*

ఇప్పుడు ఆ ఇంటికి మళ్ళీ వెళ్దాం. పిల్లలు లేని ఇల్లు.

ఉయ్యాల కట్టిన దూలం అక్కడే ఉంటుంది. చిన్న గిన్నె, వెండి మొలతాడు, ఉతికి మడిచిన పొత్తిగుడ్డలు ఎక్కడో పెట్టెలో ఉంటాయి. భర్త పొద్దున్నే పనిమీద వెళ్ళిపోతాడు. పగలు పొడుగైపోతుంది. ఆ పొడుగు పగళ్ళు పగబట్టినట్టు మీదికొస్తాయి. బిడ్డ పోయిన ఇంట్లో పగలు ఎలా గడుస్తుందో పోగొట్టుకున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ళకు చెప్పినా తెలియదు.

ఆ స్థితిలో మనసు ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నాకే ఎందుకు? ఆ ప్రశ్నకు లోకం దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: కర్మ. జవాబు దొరికింది గనక మనసు అక్కడే ఆగిపోతుంది. ఆగినచోటే కుంగిపోతుంది.

ఇలాంటి మరో తల్లి కథ ఇక్కడ గుర్తొస్తుంది. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అనే కొండ మీద ఒక బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించాడు. పెనుగంచిప్రోలు పిల్ల అచ్చమాంబకు అప్పుడు ఎనిమిదేళ్ళు. బుద్ధుడి కాలంలో కిసా గోతమి అనే తల్లి ఉండేదని ఆ ధర్మంలో ఒక కథ చెబుతారు. చచ్చిపోయిన బిడ్డను చంకనెత్తుకుని మందు ఇమ్మని వీధివీధీ తిరిగింది. బుద్ధుడు గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు, చావు జరగని ఇంటి నుంచి తెమ్మన్నాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఆవాలు అందరిళ్ళలో ఉన్నాయి. చావు జరగని ఇల్లే లేదు. సాయంత్రానికి ఆమెకు అర్థమైంది, బిడ్డను దించింది.

అచ్చమాంబ కూడా ఇల్లిల్లూ తిరిగింది, కాకపోతే పుస్తకాల్లో తిరిగింది. మరాఠీ పుస్తకం ఒక ఇల్లు, బెంగాలీ పుస్తకం ఒక ఇల్లు, హిందీ చరిత్ర ఒక ఇల్లు. కానీ ఆమె అడిగిన ప్రశ్న గోతమి అడిగింది కాదు. మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడగలేదు. పోని ఇల్లు ఉండదని ఆమెకు ముందే తెలుసు. కష్టం వచ్చినప్పుడు మీరేం చేశారమ్మా అని అడిగింది. భర్త పోయి రాజ్యం మీద పడ్డప్పుడు ఏం చేశావు? చదువు వద్దన్నప్పుడు ఏం చేశావు? నలుగురూ నవ్వినప్పుడు ఏం చేశావు?

ఈ మార్పే ఆమె జీవితంలో పెద్ద సంఘటన అని నా నమ్మకం. బయటికి కనబడదు. తేదీ ఉండదు. నాకే ఎందుకు అన్న ప్రశ్న పక్కకు తప్పుకుని, ఇలాంటప్పుడు మనుషులు ఏం చేశారు అన్న ప్రశ్న వచ్చి కూర్చోవడం. దుఃఖం పోలేదు. దుఃఖానికి చేతినిండా పని దొరికింది.

*

ఆ పని పేరు అబలా సచ్చరిత్ర రత్నమాల. 1901లో వెలువడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన చింతామణి ముద్రాక్షరశాల నుంచి అచ్చువేశారు. సుమారు 1,000 సంవత్సరాల భారతదేశ చరిత్రలో నుంచి ఏరిన 34 మంది స్త్రీల జీవితాలు అందులో ఉన్నాయి. తెలుగులో స్త్రీల చరిత్రను ఒక స్త్రీ రాయడం అదే మొదలు. రాసినామెకు 27 ఏళ్ళు.

ఆ కాలంలో ఈ పని చేయడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించాలి. ఆమెకు కాలేజీ లేదు, గ్రంథాలయం లేదు. ఆధారాలన్నీ వేరే భాషల్లో చెదిరి ఉన్నాయి. ఒక రాణి గురించి మరాఠీలో నాలుగు మాటలు దొరుకుతాయి, ఇంకో విదుషి గురించి బెంగాలీలో పది మాటలు. వాటిని చదివి, పోల్చి, నమ్మదగినవి ఏరి, తెలుగులో పెట్టాలి. ఇదంతా తెలుగు వినపడని ఊళ్ళో కూర్చుని. మూడు భాగాలు రాయాలన్నది ఆమె సంకల్పం. మొదటిది చరిత్రలోని భారత స్త్రీలు, తర్వాత వేదాల్లో పురాణాల్లో కనిపించేవాళ్ళు, ఆ తర్వాత పరదేశపు స్త్రీలు. ఆడవాళ్ళు పుట్టుకతోనే బలహీనులు, తెలివి తక్కువవాళ్ళు, చదివితే చెడిపోతారు అనే మాటలు అబద్ధమని చూపించడం ఆమె ఉద్దేశం. వాదించి కాదు, మనుషుల్ని వరసగా నిలబెట్టి చూపించడం.

జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన శాసనం ఒకటి ఈ సందర్భంలో నాకు తరచు గుర్తొస్తుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, అంటే మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. రాతి మీద తన ఇంటివాళ్ళ పేర్లన్నీ చెక్కించాడు. ముందు తల్లి నాగిలని పేరు. తర్వాత భార్య సముదని. కొడుకు పేరుతోపాటు కూతురి పేరూ ఉంది. ఈ మెట్ట నేలలో ఒకప్పుడు పనిచేసుకుని బతికే మనిషి తన ఇంటి ఆడవాళ్ళ పేర్లు రాతి మీదికెక్కించాడు. ఆ తర్వాత ఎన్ని వందల ఏళ్ళు ఆ పేర్లు మాయమయ్యాయి! ఊరి పేర్లు చూడండి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలుకు తండ్రి జగ్గయ్య పేరు పెట్టి జగ్గయ్యపేట చేశాడు. తల్లి అచ్చమ్మ పేరున అచ్చంపేట కట్టించాడు. ఒక జమీందారు అమ్మ అయితే ఊరి పేరై మిగిలింది. మిగతా అమ్మలు, కోడళ్ళు, విధవలు ఎక్కడ? ఆ పేర్లు వెతకడానికి ఒక తల్లి దిగింది. తన బిడ్డల పేర్లు పిలవడానికి ఇంట్లో ఎవరూ మిగలనప్పుడు దిగింది.

నేను దీన్ని గొప్ప చేసి చెబుతున్నాననుకుంటారేమో. ఆ పుస్తకం తెరిచి చూస్తే ఎక్కడా ఏడుపు ఉండదు. రాసినామె తన గాయాన్ని పాఠకుల ముందు పరుచుకోలేదు. 34 మందినీ ముందుకు పంపి తను వెనక నిలబడింది.

*

ఈ మధ్య నందిగామలో, జగ్గయ్యపేటలో కల్యాణ మండపాల్లో వ్యక్తిత్వ వికాసం సభలు జరుగుతున్నాయి. మైకు పట్టుకున్నాయన, మీ జీవితం మీ ఆలోచనల చేతిలో ఉంది, ఆలోచన మార్చుకోండి, అంతా మారుతుంది అంటాడు. జనం చప్పట్లు కొడతారు. ఆ జనంలో గులాబీ రంగు పురుగు పత్తి కాయను తినేసిన రైతు ఉంటాడు. మిరప ధర పడిపోయి పుస్తెలు కుదువ పెట్టిన ఇల్లాలు ఉంటుంది. వాళ్ళకు ఆ మాట ఎలా వినపడుతుందో నేను ఊహించగలను: నీ కష్టానికి నీ ఆలోచనే కారణం అని. పాత రోజుల్లో పూర్వజన్మ పాపం అన్నారు, ఇప్పుడు నీ నెగెటివ్ ఆలోచన అంటున్నారు. భాష మారింది, నింద మాత్రం అప్పుడు ఎవరి మీద పడిందో ఇప్పుడూ వాళ్ళ మీదే పడుతోంది.

అచ్చమాంబ జీవితం చెప్పేది అది కాదు. బిడ్డలు పోవడం ఆమె ఆలోచన వల్ల జరగలేదు. ఆలోచన మార్చుకున్నంత మాత్రాన వాళ్ళు తిరిగి రాలేదు. పురుళ్ళూ పసితనమూ ఇంటింటా ప్రాణాలు తీస్తున్న కాలం అది. అందుకు బాధ్యత ఏ ఒక్క తల్లిదీ కాదు. ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే: రేపు పొద్దున్న లేచాక ఈ మనసును దేనికి అప్పగించాలన్నది. అది కూడా ఊరికే కూర్చుంటే దొరికేది కాదు. కొత్త ఆలోచన కావాలంటే దాన్ని ఎక్కడి నుంచైనా తెచ్చుకోవాలి. ఆమె నాలుగైదు భాషలు నేర్చి, పుస్తకం వెంట పుస్తకం చదివి, ఏళ్ళ తరబడి తెచ్చుకుంది. ఆమెకు చదువు చెప్పే తమ్ముడున్నాడు. అన్నం పెట్టే జీతం ఇంటికొచ్చేది. ఇవి లేని వేలమంది తల్లులు ఆ కాలంలోనే ఉన్నారు. వాళ్ళు కుంగిపోతే అది వాళ్ళ తప్పని అనే నోరు నాకు లేదు.

ఆమెకూ ఆ సంగతి తెలుసనే అనిపిస్తుంది. ఎందుకంటే పుస్తకంతో ఆమె ఆగలేదు. 1896-97లో ఒకసారి, 1899-1900లో మరోసారి మధ్యపరగణాలను కరువు ఊడ్చిపెట్టింది. రోడ్ల వెంట దిక్కులేని పిల్లలు. అచ్చమాంబ ఇంట్లో ఎప్పుడూ నలుగురైదుగురు అనాథ పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళకు తిండీ, చదువూ ఆమే. ఉయ్యాల లేని ఇంట్లో మళ్ళీ పిల్లల అలికిడి. అది పోయిన బిడ్డలకు బదులు అని అనకూడదు. బిడ్డలకు బదులుండదు. ఆకలితో ఉన్న పిల్లలు కనిపించారు, ఇంట్లోకి తీసుకొచ్చింది. అంతే.

1902లో బందరు వచ్చింది. ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. తెలుగునాట ఆడవాళ్ళు తమకు తాముగా పెట్టుకున్న తొలి సమాజాల్లో అది ఒకటి. ఆ తర్వాత ఊరూరూ తిరిగి ఇంకా సమాజాలు పెట్టించే పని. అప్పట్లో ఒక ఇల్లాలు గుమ్మం దాటి సభ చేయడమే వింత. పదిమంది ఆడవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, పేరంటానికి కాదు, చదువుకోవడానికి రమ్మంటే మామగార్ల కనుబొమలు ఎలా ముడిపడి ఉంటాయో తేలిగ్గానే ఊహించవచ్చు. అయినా వచ్చారు. గర్భశోకం ఎరిగిన తల్లి వచ్చి చెబుతుంటే వినే చెవి వేరుగా ఉంటుంది.

అదే ఏడు ఏలూరు నుంచి హిందూసుందరి పత్రిక మొదలైంది. అచ్చమాంబ అందులో కథలు రాసింది. స్త్రీవిద్య కథ మొగుడూ పెళ్ళాల మాటల మీద నడుస్తుంది. చదువు నాకెందుకని భార్య, ఎందుకో భర్త. ధనత్రయోదశి కథలో పేదిల్లు. పండగ ముంచుకొస్తోంది, చేతిలో డబ్బు లేదు. భర్త మనసు తనది కాని సొమ్ము వైపు మళ్ళుతుంది. ఇల్లాలు విజయలక్ష్మి వద్దంటుంది. ఆ డబ్బుతో వచ్చే పండగ తనకు అక్కర్లేదంటుంది. 1910లో వచ్చిన గురజాడ దిద్దుబాటే తొలి తెలుగు కథ అని బడిలో చదువుకున్న మనకు, అంతకు ఎనిమిదేళ్ళ ముందే ఈ కథ ఉందని చెప్పినవాళ్ళు చాలా ఆలస్యంగా వచ్చారు. తొలి కథ ఏది అన్న వాదం పండితులకు వదిలేస్తాను. నాకు ముఖ్యమైంది విజయలక్ష్మి. పేదరికాన్ని ఆమె ఎంచుకోలేదు. పేదరికంలో ఎలా ఉండాలో మాత్రం ఎంచుకుంది. అచ్చమాంబ చేయి అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

*

నందిగామలోనే 1882లో పుట్టిన ఇంకొకరిని కూడా తలుచుకోవాలి. అయ్యదేవర కాళేశ్వరరావు. లక్ష్మణరావుగారి విజ్ఞాన చంద్రికా మండలిలో ఆయన తోటి కార్యకర్త. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు జైలుకెళ్ళారు. తెల్లవాడు గదిలో పెట్టి తాళం వేస్తే, ఆయన లోపల కొత్త భాషలు నేర్చుకుంటూ కూర్చున్నారు. ఫ్రెంచి విప్లవాన్నీ ఈజిప్టు చరిత్రనూ తెలుగులో రాసిన చేయి అది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు శాసనసభ తొలి స్పీకరు ఆయనే. బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్‌లో కూరగాయలు కొనేవాళ్ళు రోజూ ఆ పేరు పలుకుతూనే ఉంటారు. ఆయనకు జైలు ఎలాగో, అచ్చమాంబకు ఖాళీ ఇల్లు అలాగ. తేడా ఏమిటంటే ఆయన జైలు తలుపు ఒకరోజు తెరుచుకుంటుంది. బయట పూలదండలతో జనం ఉంటారు. ఆమె ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది, బయట ఎవరూ లేరు. అందుకే ఆమె చేసింది నాకు ఎక్కువ కష్టమనిపిస్తుంది.

*

1896లో బొంబాయిలో దిగిన ప్లేగు రైలు మార్గాల వెంట లోపలికి పాకింది. 1902 తర్వాత మధ్యపరగణాల ఊళ్ళను పట్టుకుంది. ఎలుకలు రాలిపోవడం మొదట. రెండు మూడు రోజుల్లో జ్వరం, చంకల్లో గజ్జల్లో గడ్డలు. ఎలుకల ఒంటి మీద బతికే చిన్న పురుగు కుట్టడం వల్ల ఇది సోకుతుందని ఒక ఫ్రెంచి వైద్యుడు 1898లోనే చెప్పాడు గానీ అప్పటికింకా లోకం నమ్మలేదు. గాలి వల్లనో, ముట్టుకోవడం వల్లనో అనుకునేవాళ్ళు. అందుకే ప్లేగు వచ్చిన ఇంటిని కన్నవాళ్ళు కూడా వదిలి ఊరి బయట పాకల్లోకి పారిపోయేవాళ్ళు. జబ్బు మనిషి ఒక్కడే మిగిలేవాడు. దాహమంటే గుక్కెడు నీళ్ళు పోసే దిక్కుండేది కాదు.

అచ్చమాంబ ఆ ఇళ్ళలోకి వెళ్ళింది.

ఏం ఆలోచించి వెళ్ళిందని అడిగితే నా జవాబు ఇది. ఏళ్ళుగా ఆమె మనసుకు ఒకటే అలవాటు పడింది. ఎదుటి కష్టం చూసినప్పుడు ఇది ఎవరి కర్మ అని అడగకుండా, ఇప్పుడేం చేయాలి అని అడగడం. ఆ అలవాటు ముదిరిన మనిషికి ప్లేగు ఇంటి గుమ్మం దగ్గర ఆగి లెక్కలు వేసుకునే వీలుండదు. జబ్బుపడ్డవాళ్ళకు సేవ చేస్తూ ఆమె కూడా జబ్బుపడింది. 1905 జనవరి 18న పోయింది. ముప్పై ఏళ్ళు. రత్నమాల మూడు భాగాల్లో ఆమె కళ్ళతో చూసుకున్న పుస్తకం మొదటిదే.

అంత చిన్న వయసులో పోవడాన్ని త్యాగమని పొగడటం నాకు ఇష్టం ఉండదు. ఆమె బతికి ఉండాల్సింది. మిగిలిన భాగాలూ పూర్తి చేయాల్సింది. తర్వాతి ఏళ్ళలో బెజవాడ సభల్లో ఆమె మాట్లాడుతుంటే వినే అదృష్టం తెలుగువాళ్ళకు ఉండాల్సింది. తమ్ముడు లక్ష్మణరావుకూ ఆయుష్షు చాలలేదు. ఒంటిచేత్తో విజ్ఞాన సర్వస్వం మోస్తూ మోస్తూ 1923 జూలైలో, నలభై ఆరేళ్ళకు ఆయనా వెళ్ళిపోయారు.

పెనుగంచిప్రోలు కొమర్రాజు వారింటి కథ మాత్రం అక్కడితో తెగలేదు. అక్క పోయిన మరుసటి ఏడు, 1906లో, లక్ష్మణరావుకు కూతురు పుట్టింది. ఆ పిల్ల పేరు అచ్చమాంబ. పెద్దయ్యాక ఏ చదువైనా చదవగలిగే రోజులొచ్చాయి. ఆమె డాక్టరు చదివింది. పురుళ్ళు పోసే డాక్టరైంది. స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసింది. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్ళింది. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ తెలుగులో ఒక పుస్తకం కూడా రాసింది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఏం తినాలి, పురిటి గది ఎలా ఉండాలి, పుట్టిన బిడ్డను ఎలా కాపాడుకోవాలి అని తల్లులకు చెప్పే పుస్తకం. దాని పేరు ప్రసూతి - శిశుపోషణ.